గుడ్డ కప్పిన బుట్ట

పోయిన వారం మీరు నన్ను వదిలేసి వెళ్ళేసరికి నేను చేతిలో గరిటె, భుజం మీద తువ్వాలు, మొహం నిండా నవ్వుతో ఫలహారం బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. కథ మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. పాతవాళ్ళు ఈలోపు టీ పెట్టుకోండి.

నా పేరు ఓరిన్ పెల్కీ. వెర్మాంట్ కొండల్లో ఎండాకాలం పిల్లల శిబిరం నడిపే పాత కట్టెల లాడ్జి ఒకటుంది. ఫిబ్రవరి మొదట్లో, మోకాలిలోతు మంచులో, మా గుంపు దాన్ని మూడు రోజులకి అద్దెకి తీసుకుంటుంది. చర్చి మానేసి పాత దేవతల్ని కొలిచే మనుషులం మేము. చెట్టుకీ నిప్పుకీ దణ్ణం పెడతాం. చలి సగం విరిగిన గుర్తుగా ఇంబోల్క్ పండగ చేసి బ్రిజిడ్ అమ్మకి పాలు పోస్తాం. నా అక్క కూతురు డెల్ఫీన్ మా పూజారిణి. ఈసారి ఈ మూడు రోజులకీ ఆమె పెట్టిన పేరు ‘ఒళ్ళే గుడి’. నలభై దాటిన పద్నాలుగు మంది చేరి, కోరిక గురించీ పడక గురించీ ఒంటి మీద ముడతల గురించీ సిగ్గుపడకుండా మాట్లాడుకోవడం నేర్చుకోవాలి. నేను వంటవాణ్ణి. మాట్లాడడం నాకెవరూ నేర్పక్కర్లేదనీ, నోరు మూసుకోవడం నేర్పేవాళ్ళెవరైనా ఉంటే ఫీజు తనే కడతాననీ డెల్ఫీన్ అంటుంది.

శుక్రవారం సాయంత్రం రెండు బుట్టలు పెడతాం. ఒకటి వంటింటి బుట్ట. అందులో వంటవాడి మీద కొంటె దీవెనలు, బూతు పద్యాలు రాసి వేస్తారు. మర్నాడు ఫలహారం దగ్గర వంటవాడు వాటిని పైకి చదవాలి. రెండోది గుడ్డ కప్పిన బుట్ట. ఎవరికీ చెప్పుకోలేని సిగ్గుని చీటీ మీద రాసి, పేరు లేకుండా మడిచి అందులో వేస్తారు. దాన్ని ఎవరూ చదవరు. శనివారం పొద్దువాలే వేళకి బుట్టతో సహా అమ్మ నిప్పులో వేస్తాం. చెమ్మ తగలకుండా పొయ్యి పక్క అర మీద పెట్టి కాపలా కాయమని ఆ బుట్టని నాకు అప్పగించారు.

ఈ ఏడాది వంటింటి బుట్టలో ఐదే పడ్డాయి. ఐదూ చదివేశాను. జనం బల్లలు చరుస్తూ ఇంకోటి, ఇంకోటి అన్నారు. ఓట్స్ గిన్నె నింపుకొచ్చే వంకతో వంటింట్లోకి వెళ్ళి, గుడ్డ కింద చెయ్యి పెట్టాను. ఒక్కటే కదా అనుకున్నాను. పేరుండదు కదా అనుకున్నాను.

‘పదకొండేళ్ళయింది. నన్ను ముట్టుకునేది నా జుట్టు కత్తిరించే అమ్మాయి ఒక్కతే. తల కడిగేటప్పుడు ఇంకాసేపు కడగమంటాను. అందుకే నెలకి రెండుసార్లు వెళ్తాను.’

టీవీలో వాతావరణం చెప్పేవాడి గొంతుతో చదివాను. లాడ్జి కప్పు లేచిపోయేలా నవ్వారు. మళ్ళీ చదవమన్నారు. ముక్కు పట్టుకుని, బాతు గొంతుతో మళ్ళీ చదివాను. వంటింటి బుట్టలోదే అనుకున్నారందరూ. అందరూ అంటే, రాసినవాళ్ళు తప్ప.

అక్కడిదాకా వచ్చాం.

పదకొండున్నరకి నేను బఠాణీ సూపు కోసం ఉల్లిపాయలు తరుగుతుంటే లోర్నా వచ్చింది. లోర్నాకి అరవై మూడేళ్ళు, మొగుడు పోయాడు, ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. చేతిలో ఉన్న కప్పుని బల్ల మీద టక్కున పెట్టింది.

“ఏవయ్యా ఓరిన్, ఇది మూడో టీ.”

“పంచదార తక్కువైందా తల్లీ?”

“నేను అడగని టీ. పొద్దున్నుంచీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తెచ్చి చేతిలో పెడుతున్నారు. బార్నబీ అయితే తన ఉన్నిదుప్పటి తెచ్చి నా కాళ్ళకి కప్పి, పక్కన కూర్చుని ముక్కు చీదాడు. ఎందుకో తెలుసా?”

తెలుసు. అయినా తెలియనట్టు కత్తి ఆడించాను.

“మా ఆయన పోయి పదకొండేళ్ళు. ఆ చీటీ నాదని అందరూ తేల్చేసుకున్నారు.”

“నీది కాదా?”

“నాదా? ఆదివారం ఆదివారం మా ఇంటి ముందు ఎవరి ట్రక్కు ఆగుతుందో నీకు తెలీదూ? మా వీధి కుక్కలు కూడా దాన్ని చూసి మొరగడం మానేశాయి.” నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. “బస్సులో వెనక సీట్ల గోల ముప్పై ఏళ్ళు పడ్డానయ్యా. ఎన్ని మాటలన్నా పడతాను. జాలి పడితే మాత్రం పడలేను. అది ఏ వెధవ రాసిన జోకో అందరికీ చెప్పు. లేకపోతే సాయంత్రం నిప్పు దాకా ఉండను, సామాను సర్దుకుంటాను.”

“జోకే కదా, వదిలెయ్యి.”

“జోకా అది?” లోర్నా నా వంక చూసింది. బస్సు అద్దంలోంచి చూసే చూపు. “నేనూ నవ్వాను. బస్సులో ఏడుపు మింగుకుని కూర్చున్న పిల్ల ఉంటే వెనక్కి చూడకుండానే నాకు తెలిసేది. పొద్దున ఆ బల్ల దగ్గర ఎవరో అలా కూర్చున్నారు. ఎవరో చూడలేదు. చూడకుండా నవ్వాను.”

టీ కప్పు అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఒక్క అబద్ధంతో అంతా సర్దుకుపోతుంది. ‘నేనే రాశాను, నా వెధవ వేషం’ అంటే చాలు. నమ్మనివాడు ఉండడు. చక్కెర డబ్బాలో ఉప్పు పోసినవాణ్ణి. బ్రిజిడ్ అమ్మ గడ్డిబొమ్మకి మీసాలు పెట్టినవాణ్ణి. బార్నబీ పడకలో మంచుముద్ద దాచి, పాపం ఆయన రాత్రంతా చలిజ్వరం అనుకుంటే పొద్దున్న పరామర్శించినవాణ్ణి. అన్నిటిలో ఇదొకటి.

ఆ మాటే డెల్ఫీన్ రాగానే అన్నాను. ఆమె తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

“అమ్మడూ, లోర్నా వెళ్ళిపోతానంటోంది. సాయంత్రం అందరూ వలయంలో కూర్చున్నప్పుడు చెప్పేస్తాను, ఆ చీటీ నేనే రాశానని.”

“నువ్వు రాయలేదు.”

“ఎవరికి తెలుసు?”

“నాకు తెలుసు. నేను రాశాను.”

నేను ఉల్లిపాయ మీంచి కళ్ళెత్తలేదు.

“మూడు వారాలు పట్టింది మామయ్యా, ఆ నాలుగు ముక్కలకి. రాయడం, చింపడం. సిగ్గుని కాగితం మీద పెట్టండి, నిప్పుకివ్వండి, తేలికపడతారు అని పన్నెండేళ్ళుగా అందరికీ చెప్తున్నాను. నేను మాత్రం ఏటా ఖాళీ కాగితం మడిచి వేసేదాన్ని. రాసింది ఇదే మొదటిసారి.” పొయ్యి పక్క అర వైపు చూసింది. “ఎక్కడుంది?”

“ఏది?”

“నా చీటీ.”

“వంటింటి బుట్ట చీటీలతో పాటు పొయ్యిలో వేశాను.”

“బ్రిజిడ్ అమ్మ చేతిలో పెడదామని రాసుకున్నాను. నువ్వు ఓట్స్ గిన్నె కింద పెట్టావు.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. తిట్లకి నా దగ్గర జవాబులుంటాయి.

“ఎవరు ఎక్కువ నవ్వారు మామయ్యా?”

నేను ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాను.

“అడుగుతున్నాను కదా.”

“రాయిస్.”

“మళ్ళీ చదవమన్నదెవరు?”

“రాయిస్.”

రాయిస్ ఆమె మొగుడు. ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మా దేవతల మీద నమ్మకం లేదు గానీ ప్రతి ఏడూ భార్య వెంట వచ్చి కట్టెలు మోస్తాడు, నేనేమన్నా పడీపడీ నవ్వుతాడు. నా జోకులకి అంతకంటే మంచి గిరాకీ లేదు.

“నా పక్కనే కూర్చున్నాడు,” అంది డెల్ఫీన్. “బల్ల మీద చెయ్యి కొట్టి కొట్టి నవ్వాడు. ఆ చెయ్యి నా చేతికి జానెడు దూరంలో ఉంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందని.”

“అతనికి తెలీదా?”

“ఏం తెలియాలి? చెడ్డవాడు కాదు మామయ్యా. తన నడుం ఆపరేషనప్పుడు పక్క గదిలోకి మారాడు. తగ్గాక తిరిగి రాలేదు. నేను పిలవలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత అలవాటైంది. పొద్దున క్లాసులో ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘నీకేం కావాలో అడుగు’ అని జంటలకి నేర్పాను. అందరూ బాగానే నేర్చుకున్నారు.”

“అందుకే అంటున్నాను, నేను రాశానని చెప్తే నీ పేరు బయటికి రాదు.”

“కర్ర పట్టుకుని అబద్ధమాడతావా?”

మా వలయంలో యాష్ అనే చెట్టు కర్ర ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంది. అది పట్టుకున్నవాడే మాట్లాడాలి, నిజమే మాట్లాడాలి. వారం రోజులు ఇంట్లో, ఆఫీసులో, మొగుడి దగ్గర, పెళ్ళాం దగ్గర ఎన్ని కల్లలాడినా, కర్ర పట్టుకుంటే ఆడరు. నేను కూడా కర్ర చేతికొస్తే పాట పాడి పక్కవాడికి ఇచ్చేవాణ్ణే తప్ప ఏనాడూ అబద్ధం ఆడలేదు.

“ఆ బుట్టలో ఇంకా అందరి సిగ్గులూ ఉన్నాయి,” అంది. “దాన్ని తెరిచారని వాళ్ళకి తెలియాలి. తెలిశాక మళ్ళీ వేస్తారో వెయ్యరో వాళ్ళిష్టం. నువ్వు తీశావని చెప్పు. ఎవరిదో చెప్పకు. అంతే అడుగుతున్నాను.”

“అమ్మడూ, నేను...”

“వద్దు. నువ్వు బాధపడుతున్నావని నాకు కనిపిస్తోంది. దాన్నీ నేనే ఓదార్చాలంటే నావల్ల కాదు.”

తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ పూట సూపులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. అందరూ కావాలనే వెయ్యలేదనుకుని నవ్వుకుంటూ తిన్నారు.

నాలుగింటికి కుర్చీలు గోడకి జరిపి, పెద్ద పొయ్యి ముందు గుండ్రంగా కూర్చున్నాం. చలిగాలి రాకుండా ప్లాస్టిక్ అతికించిన కిటికీల్లోంచి ఎర్రటి ఎండ నేల మీద పడుతోంది. డెల్ఫీన్ మూడుసార్లు మా చుట్టూ తిరిగి చేత్తో గాలిలో వలయం గీసింది. లోర్నా కోటు వేసుకునే కూర్చుంది, బూట్లతో సహా. గుడ్డ కప్పిన బుట్ట మధ్యలో ఉంది.

కర్ర నా దాకా వచ్చింది. అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాను. ఎదురుగా ముగ్గురు అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయారు. అరవై ఆరేళ్ళలో నేను సంపాదించుకున్నది ఆ మొహాలే.

“పొద్దున చివర చదివిన చీటీ వంటింటి బుట్టలోది కాదు,” అన్నాను. “ఈ బుట్టలోది. గుడ్డ ఎత్తి నేనే తీశాను.”

ఇద్దరు నవ్వారు. బార్నబీ తేనెటీగలు పెంచే మనిషి, మంచి నిదానస్తుడు. నా చేతిలో కర్ర ఉందని కూడా చూసుకోకుండా, “చాల్లే ఓరిన్, నీ వేషాలు,” అన్నాడు.

“వేషం కాదు బార్నబీ.”

“మా మొహాలు చూద్దామని.”

“కర్ర నా చేతిలో ఉంది. చూడు.”

చూశాడు. ఒక్కొక్కళ్ళే చూశారు. ఇన్నేళ్ళూ నా అబద్ధాలు ఇట్టే నమ్మినవాళ్ళు ఒక్క నిజం నమ్మడానికి అంతసేపు తీసుకున్నారు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. ఐదు చీటీలు అయిపోయాయని, మీరు ఇంకోటి అన్నారని, కాదు, మీ మీద పెట్టను, నాకే ఇంకో నవ్వు కావాలనిపించిందని. అది లోర్నా రాసింది కాదని. ఎవరు రాశారో నేను చెప్పనని. చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏ గొంతూ పెట్టకుండా నేను మాట్లాడి చాలా కాలమైంది.

లోర్నా కోటు బొత్తాం మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే ఉంచేసింది. జాలి బెడద ఆమెకి తప్పింది గానీ సంతోషపడలేదు. ఆ చీటీ ఎవరిదో ఒకరిది కదా.

“నాది చదివావా?” అన్నాడు బార్నబీ.

“లేదు. ఒక్కటే తీశాను.”

“ఎలా నమ్మమంటావు?”

బార్నబీ లేచి బుట్ట దగ్గరికి వెళ్ళి, గుడ్డ తీసి, వంగి వెతుక్కున్నాడు. పెద్ద వేళ్ళాయనవి. తన చీటీ దొరికేదాకా మిగతావి చూడకూడదని కళ్ళు చికిలించి మడతల్ని బట్టి పోల్చుకున్నాడు. దొరికాక చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వెనకే ఇంకో ఆవిడ లేచి తనది తీసుకుంది. పన్నెండేళ్ళలో ఆ బుట్టలోంచి ఎవరూ ఏదీ తిరిగి తీసుకోలేదు.

అప్పుడు రాయిస్‌ని చూశాను.

పొద్దుటి నవ్వు అతని మొహం మీద ఇంకా కాస్త మిగిలి ఉంది, కింద ఏ ఆధారమూ లేకుండా. పెదవులు కదులుతున్నాయి. ఆ నాలుగు ముక్కలూ గుర్తు తెచ్చుకుంటున్నాడు. మెల్లగా తల తిప్పి భార్య జుట్టు వైపు చూశాడు. డెల్ఫీన్ జుట్టు పొట్టిగా ఉంటుంది. మొన్న గురువారమే కత్తిరించుకుంది. మెడ వెనక చర్మం తెల్లగా కనిపిస్తోంది. అంతకు ముందు ఇంకో గురువారం. అంత పొట్టి జుట్టుకి అన్నిసార్లు ఎందుకని అతనెప్పుడూ అడిగి ఉండడు.

డెల్ఫీన్ అతని వైపు చూడలేదు. చూడకుండానే తెలిసింది ఆమెకి. లేచి నిలబడింది.

వలయం గీశాక అందులోంచి ఎవరూ ఊరికే లేచిపోరు. గీసినవాళ్ళే గాలిలో తలుపు గియ్యాలి, వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా ఒకరు అక్కడ నిలబడి పట్టుకోవాలి. డెల్ఫీన్ నా కుర్చీ పక్కనే చేత్తో గుమ్మం ఎత్తున తలుపు గీసింది.

“మామయ్యా, పట్టుకో,” అంది.

అంతమందిలో నాకే ఎందుకు ఇచ్చిందో తెలియదు. దగ్గర ఉన్నానని అయ్యుండొచ్చు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గాలి పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా పక్కనుంచి దాటి, కోటు లేకుండా, వసారా వైపు నడిచింది.

రాయిస్ లేచాడు. ఆమె వెనక వెళ్తాడనుకుని పక్కకి జరిగాను. అతను నా ముందు ఆగాడు. అంత పెద్ద మనిషి, మంచుబండి తప్ప దేన్నీ గట్టిగా తొయ్యనివాడు.

“తనదే కదా,” అన్నాడు.

“నేను చెప్పనన్నాను రాయిస్.”

“చెప్పక్కర్లేదు.” కాసేపు నా చేతిలో కర్ర వంక చూశాడు. “ఒకటి మాత్రం చెప్పు మామయ్యా. చదివేటప్పుడు నీకు తెలుసా, తనదని?”

“గుడ్డ కింద చెయ్యి పెట్టినప్పుడు తెలీదు. మొదటిసారి చదివినప్పుడు తెలీదు. నా ప్రాణం మీద ఒట్టు.”

అది నిజం. పోయిన వారం మీకు చెప్పిందీ నిజమే, కాకపోతే అంతా చెప్పలేదు. నా చదువు ఐదో తరగతితో సరి. అందుకే నాకు చేతిరాతలు అక్షరాల్లా కాదు, మొహాల్లా గుర్తుంటాయి. మొదటిసారి గబగబా చదివేశాను. రెండోసారి, మధ్యలో జనం నవ్వుకి ఆగినప్పుడు, తీరిగ్గా కాగితం వంక చూశాను. వారం వారం నాకు సరుకుల జాబితా రాసిచ్చే చెయ్యి అది. అప్పటికి సగమే చదివాను. ముక్కు మీంచి వేళ్ళు తీసి, చీటీ మడిచి జేబులో పెట్టుకోవచ్చు. బల్ల చుట్టూ అందరూ మిగతా సగం కోసం మొహాలెత్తి చూస్తున్నారు. చదివేశాను.

డెల్ఫీన్ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి ‘నేను రాశాను’ అన్నప్పుడు నేను కళ్ళెత్తనిది అందుకే. ఆమె దాన్ని ఆశ్చర్యమనుకుంది. అనుకోనిచ్చాను.

రాయిస్ తొందరపడే మనిషి కాదు. నా మాటని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అందరూ వింటున్నారు. పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.

“మొదటిసారి తెలీదు,” అన్నాడు. “సరే. నేను మళ్ళీ చదవమన్నాను. అప్పుడో?”

నా వెనక, వసారా దాకా వెళ్ళిన డెల్ఫీన్ అడుగుల చప్పుడు ఆగింది.